వేణ్నీళ్లకు కాస్త జాగ్రత్త తోడు

కార్తీకం వచ్చిందంటే తెల్లవారుజామున కుళాయి కింద చెయ్యి పెట్టాలంటేనే ఒళ్లు జలదరిస్తుంది. ఉగాది ముందు నుంచీ ఎవరూ ముట్టుకోని గీజర్ స్విచ్ మీద ఇంటిల్లిపాది చూపూ పడుతుంది. ఒకప్పుడు ఈ పని పెరట్లో కాగు చేసేది. కట్టెలు, కొబ్బరి డొక్కలు, ఎండు కమ్మలు కింద తోసి మంట పెడితే భోగి తలంట్లన్నీ దాంతోనే అయిపోయేవి. కాస్త కలిగినవాళ్ల ఇంట్లో రాగి బాయిలర్ ఉండేది. ఆ మంట కళ్లకు కనిపించేది, పొగ ముక్కుకు తగిలేది. కాబట్టి పిల్లల్ని దాని దగ్గరికి ఎవరూ పోనిచ్చేవారు కాదు. ఇప్పుడు అదే నిప్పు గోడెక్కి తెల్లటి డబ్బాలో కూర్చుంది. మంటా లేదు, పొగా లేదు. అందుకే దాన్ని ఫ్యాను, లైటు సరసన చేర్చేసి మర్చిపోతున్నారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

ఆరేడు నెలల తర్వాత తొలిసారి స్విచ్ వేసే ముందు ఒక్క పని చేయాలి. వేడినీళ్ల కుళాయి తిప్పి, ఆగకుండా ధారగా నీళ్లు వచ్చేదాకా వదలాలి. మధ్యలో ట్యాంకు శుభ్రం చేయించో, పైపు మార్పించో ఉంటే గీజర్ ఖాళీగా ఉండొచ్చు. నీళ్లు లేకుండా లోపలి కాయిల్ వేడెక్కితే నిమిషాల్లో కాలిపోతుంది. కుళాయి లోంచి గాలి బుసబుసమంటూ వస్తుంటే ఇంకా నిండలేదన్నమాట. ఎర్రటి తుప్పునీళ్లో, తెల్లటి పెచ్చులో పడుతుంటే మాత్రం స్విచ్ జోలికి పోకుండా మెకానిక్‌ను పిలవడమే మేలు.

ఆ చుక్కలు మంచికే!

గీజర్ విషయంలో ప్లంబర్‌కు వచ్చే ఫిర్యాదుల్లో సర్వసాధారణమైంది ‘చుక్కలు కారుతున్నాయి’ అన్నదే. చన్నీళ్లు లోపలికి వెళ్లే పైపు దగ్గర ఇత్తడి వాల్వు ఒకటి ఉంటుంది. దాని పక్కనున్న సన్నటి రంధ్రం లోంచి బొట్టు బొట్టుగా నీళ్లు పడుతుంటాయి. కింద టైల్స్ మీద తెల్లటి చార కడుతుంది. ఇంటావిడకు చిరాకు. పనివాడొచ్చి చూసి, ‘‘వాల్వు పోయిందమ్మా. కొత్తదైతే ఖర్చు. ఆ కన్నానికి ప్లగ్గు కొట్టేస్తే సరిపోద్ది’’ అంటాడు. ‘‘అదేదో చేసి పుణ్యం కట్టుకో బాబూ, ఆ కారడం ఆగితే చాలు’’ అంటుందావిడ. పది నిమిషాల పని. ఇద్దరికీ సంతోషమే. కానీ ఆ ఇంట్లో అంతకంటే ప్రమాదకరమైన పని మరొకటి జరిగి ఉండదు.

ఆ చుక్కలు ఎందుకు కారతాయో తెలిస్తే ప్లగ్గు మాట ఎవరూ ఎత్తరు. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 25 డిగ్రీల దగ్గరున్న 15 లీటర్ల నీళ్లను 60 డిగ్రీలకు కాస్తే సుమారు 200 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసెడు పెరుగుతాయి. ఆ గ్లాసెడు నీళ్లకు చోటు కావాలి కదా! మేడమీది ట్యాంకు నుంచి నేరుగా వచ్చే పైపు అయితే అవి వచ్చిన దారినే వెనక్కి వెళ్తాయి. మధ్యలో నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్‌రిటర్న్ వాల్వు ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు లోపల ఒత్తిడి పెరిగి, ఆ ఇత్తడి సేఫ్టీ వాల్వు కాస్త తెరుచుకుని మిగులు నీళ్లను బయటికి వదులుతుంది. పక్కింటి గీజర్ కారకుండా మనదే కారడానికి కారణం చాలాసార్లు ఇంతే. ఆ వాల్వు పాడైపోలేదు, తన పని తాను చేస్తోంది.

అసలు ఆ వాల్వు ఉన్నది ఈ గ్లాసెడు నీళ్ల కోసం కూడా కాదు. గీజర్‌లో నీళ్లు కాగగానే కరెంటు ఆపేందుకు థర్మోస్టాట్ ఉంటుంది. అది మొరాయిస్తే ఆపడానికి కటౌట్ అని రెండో కాపలా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఈ రెండూ అతుక్కుపోయే అవకాశం ఉంది. అప్పుడు నీళ్లు కాగుతూనే ఉంటాయి. మూసిన ట్యాంకులో ఒత్తిడి మీదున్న నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. ప్రెషర్ కుక్కర్‌లో జరిగేది అదే. అక్కడ 120 డిగ్రీల దగ్గర వెయిట్ లేచి కూత పెడుతుంది. గీజర్‌లో కూత పెట్టేది ఈ వాల్వే. దాని నోరు నొక్కేస్తే? ఎక్కడో ఒకచోట ట్యాంకు చీలుతుంది. చీలిన మరుక్షణం ఆ నీళ్లలో కొంత భాగం ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే ఆక్రమించే చోటు దాదాపు 1600 రెట్లు. గీజర్ పేలి గోడ కూలిందన్న వార్తల వెనుక ఉండేది ఈ లెక్కే. కుక్కర్ సేఫ్టీ వాల్వుకు మేకు దిగ్గొట్టే ఇల్లాలు ఎక్కడా ఉండదు. గీజర్‌కు మాత్రం ఆ పని డబ్బులిచ్చి మరీ చేయిస్తున్నారు.

కారే తీరును బట్టి సంగతి చాలావరకు ఇంట్లోవాళ్లే తెలుసుకోవచ్చు. స్విచ్ వేసి నీళ్లు కాగుతున్నప్పుడు మాత్రమే చుక్కలు పడి, తర్వాత ఆగిపోతే దిగులే లేదు. రంధ్రానికి సన్నటి గొట్టం తొడిగి డ్రెయిన్ దాకా వదిలితే టైల్స్ కూడా పాడవవు. గొట్టం చివర మాత్రం తెరిచే ఉండాలి. స్విచ్ కట్టేసి ఉన్నా పగలూ రాత్రీ కారుతుంటే వాల్వులో చెత్తో సున్నమో ఇరుక్కుని ఉండాలి, లేదా పైపులోనే ఒత్తిడి ఎక్కువై ఉండాలి. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. అంటే పదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాటు వాళ్లకు సుమారు మూడు బార్లు. పైన ప్రెషర్ పంపు కూడా ఉంటే మరికాస్త. అలాంటి చోట గీజర్ కొనేటప్పుడే అది ఎంత ఒత్తిడికి తగినదో దాని మీద చూసుకోవాలి. ఇక మూడోది... వాల్వు లోంచి సలసల కాగే నీళ్లో ఆవిరో వస్తుంటే, కుళాయి తిప్పితే నీళ్లకు బదులు ఆవిరి తన్నుకొస్తుంటే, థర్మోస్టాట్ చేతులెత్తేసిందన్నమాట. గీజర్ దగ్గరికి వెళ్లకుండా బయట మెయిన్ కట్టేయాలి. చల్లారేదాకా ఆ గదిలోకి ఎవరినీ వెళ్లనివ్వకూడదు.

వాల్వు పోయిందని నిజంగా తేలితే కొత్తది అదే ఒత్తిడికి తగినది వేయించాలి. గీజర్‌కూ ఆ వాల్వుకూ మధ్యలో మరే కట్టుడు వాల్వూ పెట్టనివ్వకూడదు. పొరపాటున ఎవరైనా దాన్ని కట్టేస్తే ప్లగ్గు కొట్టినట్టే!

బోరునీళ్లు, సున్నపు పెచ్చు

మంజీరా నీళ్లో, కృష్ణా నీళ్లో వచ్చే వీధుల్లో గీజర్లు హాయిగా పదేళ్లు పనిచేస్తాయి. బోరునీళ్ల మీద బతికే కాలనీల్లో రెండు మూడేళ్లకే మూలుగుతాయి. తాగునీటి ప్రమాణం ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. మరో దారి లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. మన బోర్లలో చాలావాటిది ఆ పై అంకె దగ్గరి లెక్కే. ఈ నీళ్లు వేడెక్కితే అందులో కరిగి ఉన్న కాల్షియం సున్నంలా పేరుకుంటుంది. ఇడ్లీ పాత్ర అడుగున కట్టే తెల్లటి పొర లాంటిదే. వేడి ఎంత ఎక్కువైతే పొర అంత తొందరగా కడుతుంది. అందుకే థర్మోస్టాట్‌ను చివరి గీత దాకా తిప్పి వదిలేయడం తెలివితక్కువ పని. 55, 60 డిగ్రీలు చాలు.

కాయిల్ మీద పెచ్చు కడితే ఏమవుతుంది? వేడి నీళ్లకు అందదు. గీజర్ లోపల చిటపటమని, గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు మొదలవుతుంది. ఇరవై నిమిషాల్లో కాగే నీళ్లకు ముప్పావుగంట పడుతుంది. పెచ్చు కింద కాయిల్ మాత్రం విపరీతంగా వేడెక్కి ఓ రోజు దాని తొడుగు చిట్లుతుంది. చిట్లిన క్షణం నుంచి కరెంటు నేరుగా నీళ్లలోకే! ఎర్తింగ్ సరిగ్గా ఉంటే బతికిపోతారు. లేకపోతే బకెట్లో పడే ఆ నీటి ధారే కరెంటు తీగ అవుతుంది. కాబట్టి సున్నం అనేది కరెంటు బిల్లుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఏడాదికోసారి, చలికాలానికి ముందు, గీజర్ విప్పించి పెచ్చు తీయించాలి. మెకానిక్ పని ముగించి బిగించేలోపు ఒకసారి దగ్గరుండి చూడాలి. చాలా గీజర్ల లోపల కాయిల్ పక్కనే మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకును తినాల్సిన తుప్పు దాన్ని తింటుంది. తాను అరిగిపోతూ ట్యాంకును కాపాడే కడ్డీ అది. పెన్సిల్ అంత సన్నబడిందంటే మార్చాల్సిందే. ఉప్పునీళ్లలో అది ఏడాది, రెండేళ్లకే కరిగిపోవచ్చు. దాన్ని మార్చేందుకు అయ్యేది కొద్ది ఖర్చే. కానీ అడగనిదే మార్చే మెకానిక్‌లు తక్కువ. ‘‘ఆ రాడ్డు ఉందా, పోయిందా బాబూ?’’ అని అడిగితే చాలు, సగం మంది కాస్త జాగ్రత్తగా పనిచేస్తారు.

జివ్వుమంటే నవ్వి ఊరుకోవద్దు

‘‘మా ఇంట్లో కుళాయి పట్టుకుంటే కాస్త జివ్వుమంటుందండీ. అలవాటైపోయింది’’ అనేవాళ్లున్నారు. అలవాటు చేసుకోవాల్సిన విషయమా అది! చెప్పులు వేసుకుని పట్టుకున్నప్పుడు జివ్వుమన్నదే, తడి నేల మీద ఒట్టి కాళ్లతో పట్టుకుంటే ప్రాణం తీయొచ్చు.

రెండు కిలోవాట్ల గీజర్ తొమ్మిది ఆంపియర్లకు దగ్గరగా లాగుతుంది. మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ అయితే పదమూడు. దానికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, విడిగా మెయిన్ బోర్డు నుంచే వచ్చే వైరు కావాలి. రెండు కిలోవాట్లకు 2.5, మూడు అంతకు మించితే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించడం వాడుక. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, మల్టీప్లగ్గులు ఇక్కడ పనికిరావు. ప్లగ్గు ముట్టుకుంటే వెచ్చగా ఉందంటే లోపల వదులుగా ఉన్నట్టే.

పాత ఇళ్లలో తరచూ కనిపించే లోపాలు రెండు. ప్లగ్గులో మూడో కన్నం ఉంటుంది, దాని వెనుక ఎర్త్ వైరే ఉండదు. ఉన్నా, దాన్ని నీళ్ల పైపుకు చుట్టి వదిలేస్తారు. జీఐ పైపుల రోజుల్లో ఏదో నడిచింది. ఇప్పుడు మధ్యలో ఎక్కడో పైపు ప్లాస్టిక్‌ది అయిపోయి ఉంటుంది, ఆ కరెంటు భూమిలోకి పోకుండా పక్క కుళాయికి పాకుతుంది. ఇంటి ఎర్త్ గుంత ఎక్కడుందో కూడా తెలియని ఇళ్లెన్నో. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఆ గుంతలో ఎండాకాలం నీళ్లు పోస్తుండాలని పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు. పొడి మట్టిలో కరెంటు సరిగా దిగదు. రెండో లోపం స్విచ్‌ది. కొన్ని చోట్ల ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటాయి. అప్పుడు స్విచ్ కట్టేసినా కాయిల్ దాకా కరెంటు ఉంటుంది. అందుకే రెండు తీగలనూ ఒకేసారి తెంపే డబుల్ పోల్ స్విచ్ గీజర్‌కు తప్పనిసరి అనుకోవాలి. స్నానానికి వెళ్లేముందు స్విచ్ కట్టేసే అలవాటు అప్పుడే అక్కరకొస్తుంది.

‘ఎం.సి.బి. ఉంది కదా, పడిపోతుందిలే’ అన్న ధీమా కూడా పనికిరాదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. ఉన్నది వైర్లను కాపాడటానికి. మనిషి ప్రాణం పోవడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. అంత చిన్న లెక్క దానికి ఆనదు. మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. దాని మీద ‘టెస్ట్’ అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే ఠక్కున పడిపోవాలి. పడకపోతే అది అలంకారానికి ఉన్నట్టే. అద్దె ఇంట్లో ఇవన్నీ ఎవరు వేయించాలన్న పేచీ ఎప్పుడూ ఉండేదే. అడ్వాన్స్ ఇచ్చే ముందే మాట్లాడుకోవడం నయం. ఓనరు మరీ మొండికేస్తే ఒక ఆర్.సి.సి.బి. సొంత ఖర్చుతో పెట్టించుకుని, ఇల్లు మారేటప్పుడు విప్పి తీసుకెళ్లినా తప్పు లేదు.

ఇక బకెట్లో వేసే రాడ్డు. హాస్టళ్లలో, ఒంటిగదుల్లో దాన్ని కాదనలేం. ఇనుప బకెట్ వద్దు. రాడ్డు మీది గీత దాకా నీళ్లుండాలి. నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూడకూడదు. స్విచ్ కట్టేయడమే కాదు, ప్లగ్గు కూడా పీకాకే నీళ్లు ముట్టుకోవాలి. పిల్లలున్న ఇంట్లో తలుపు బయట గొళ్లెం పెట్టాలి.

గ్యాస్ గీజర్ బాత్‌రూమ్‌లో ఉందా?

కరెంటు బిల్లుకు భయపడి, క్షణంలో నీళ్లొస్తాయని చాలామంది గ్యాస్ గీజర్‌కు మారారు. వస్తువుగా దాంట్లో దోషమేమీ లేదు. దోషమంతా దాన్ని తగిలించే చోటులో ఉంది. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లను పాతిక డిగ్రీలు వేడి చేయాలంటే పది కిలోవాట్ల పైచిలుకు మంట కావాలి. అంటే వంటింటి పొయ్యి పెద్ద బర్నర్లు నాలుగైదింటిని ఒకేసారి వెలిగించినట్టు. ఐదడుగుల గదిలో తలుపు మూసి, గడియ పెట్టి నాలుగు పొయ్యిలు వెలిగించుకుని ఎవరైనా స్నానం చేస్తారా? గ్యాస్ గీజర్ బాత్‌రూమ్‌లో ఉన్న ఇంట్లో రోజూ జరుగుతున్నది అదే.

ఎల్పీజీ సరిగ్గా మండాలంటే తన పరిమాణానికి పాతిక, ముప్ఫై రెట్ల గాలి కావాలి. మూసిన గదిలో ఆ గాలి తరిగిపోతుంది. అప్పుడు మంట సగంసగం మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. గ్యాస్ లీకైతే కంపు కొడుతుంది, జాగ్రత్తపడతారు. ఇది అలా చెప్పి రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేట్టు ఉండటం. తర్వాత కాళ్లలో సత్తువ పోతుంది. బయటికి వద్దామనుకునేసరికి గడియ దాకా వెళ్లే ఓపిక ఉండదు. ‘ఆవిరికి ఉక్కపోసి పడిపోయింది’, ‘గుండెపోటేమో’ అని ఇంట్లోవాళ్లు అనుకునే కేసుల్లో ఇవీ ఉంటాయి.

కాబట్టి గ్యాస్ గీజర్ ఉండాల్సింది బాల్కనీలోనో, గాలి ఆడే వెనుక వరండాలోనో. గోడలోంచి వేడినీళ్ల పైపు మాత్రమే స్నానాల గదిలోకి రావాలి. సిలిండరైనా గీజరైనా లోపల వద్దు. ‘కిటికీ తీసి ఉంచుతాంలే’ అంటారు. జనవరి చలిలో ఎన్నాళ్లు తీసి ఉంచుతారు? ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే ఉన్నా లాభం లేదు. గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే అది మంటకు అందాల్సిన గాలినే బయటికి లాగేస్తుంది. మార్పించే దాకా ఒక్కటే దారి. తలుపు బార్లా తెరిచి బకెట్ నింపుకుని, గీజర్ ఆపేసి, గది గాలి మారాకే స్నానానికి వెళ్లాలి. నీలంగా ఉండాల్సిన మంట పసుపు, ఎరుపుగా మారినా, గీజర్ పైభాగాన మసి కనిపించినా సర్వీసు అయ్యేదాకా వాడకూడదు.

లోపలున్న మనిషి పిలిస్తే పలకకపోతే తలుపు బద్దలు కొట్టడానికి వెనుకాడొద్దు. ముందు గ్యాస్ కట్టేయాలి, మనిషిని ఆరుబయటికి తేవాలి, 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో అడగకపోయినా ‘గ్యాస్ గీజర్ వెలుగుతోంది’ అని చెప్పాలి. కరోనా తర్వాత చాలా ఇళ్లలో వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఉంది. ఈ విషయంలో దాన్ని నమ్మకూడదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపిస్తుంది. మనిషి ప్రమాదంలో ఉన్నా అంకె మాత్రం 98 ఉండొచ్చు.

కొనేవాళ్లకు నాలుగు మాటలు

పదిహేను లీటర్ల నీళ్లను 60 డిగ్రీలకు కాయడానికి 0.6 యూనిట్ ఖర్చవుతుంది. రెండు కిలోవాట్ల గీజర్‌కు సుమారు 18 నిమిషాలు. ఆ నీళ్లలో చన్నీళ్లు కలిపి స్నానానికి సరిపడా 40 డిగ్రీలకు తెస్తే 35 లీటర్లు, అంటే రెండు బకెట్లు. బకెట్ స్నానం చేసే చిన్న కుటుంబానికి అది చాలు. షవర్ ఉంటే 25 లీటర్లు. చుట్టాలొస్తారని పెద్దది కొంటే, రానిరోజుల్లో కూడా అన్ని నీళ్లూ కాయాల్సిందే. ఐ.ఎస్.ఐ. గుర్తుతో పాటు ఐ.ఎస్. 2082 అన్న అంకె ఉందో లేదో చూడాలి. స్టార్లు ఎక్కువున్నదాంట్లో ఊరికే పోయే వేడి తక్కువ. ఇంకోటి, 60 డిగ్రీల నీళ్లు చర్మాన్ని కాల్చడానికి కొన్ని సెకన్లు చాలు. పసిపిల్లలకైతే ఇంకా తక్కువ. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేణ్నీళ్లు.

వేడినీళ్ల పైపుకు సి.పి.వి.సి. అడగాలి. లేత పసుపు రంగులో ఉంటుంది. కాస్త చవకని తెల్లటి యు.పి.వి.సి. వేస్తే అది వేడికి మెత్తబడి, గోడలోపల జాయింటు ఊడి, ఏడాది తర్వాత పక్కగదిలో పెయింటు ఉబ్బుతుంది. అప్పుడు టైల్స్ పగలగొట్టించే ఖర్చు ముందు ఆ మిగులు ఏ మూలకూ రాదు.

సొంత డాబా ఉన్నవాళ్లు సోలార్ గురించి ఆలోచించాల్సిందే. మన ఎండకు 100 లీటర్ల సోలార్ హీటర్ మంచి రోజున నాలుగు యూనిట్ల పని చేసిపెడుతుంది. దక్షిణం వైపు నీడ పడకూడదు, చన్నీళ్ల ట్యాంకు వేణ్నీళ్ల ట్యాంకు కంటే ఎత్తున ఉండాలి. డాబా నుంచి కిందికి పది మీటర్ల ముప్పావంగుళం పైపు ఉంటే, రోజూ పొద్దున మూడు లీటర్ల చన్నీళ్లు పోతే గానీ వేణ్నీళ్లు రావు. వాటిని వదిలేయకుండా బకెట్లో పట్టుకుంటే సరి. సోలార్ ట్యాంకు మీద నిలబడే సన్నటి గొట్టాన్ని కూడా కాకులు, ఆకులు పడతాయని మూత బిగించేవాళ్లున్నారు. అది గాలి, ఆవిరి పోవడానికి పెట్టింది. దాన్ని తెరిచే ఉంచాలి.

గీజర్ పాతబడిందని ఎప్పుడనుకోవాలి? కాయిల్ పోతే మార్చొచ్చు, థర్మోస్టాట్, వాల్వు, కడ్డీ... అన్నీ మార్చొచ్చు. కానీ నీళ్లు జాయింట్ల దగ్గర కాకుండా డబ్బా కింది అంచు నుంచి, తుప్పు రంగులో కారుతుంటే లోపలి ట్యాంకే చిల్లిపడినట్టు. వెల్డింగ్ చేసి ఇస్తామనేవాళ్లు ఊళ్లో ఉంటారు. ఒకచోట అతికితే పక్కచోట చిల్లిపడుతుంది. స్విచ్ కట్టేసి, చన్నీళ్ల వాల్వు మూసి, పాత సామాన్ల వాడికి వేసేయడమే.